జాన్ రస్సెల్ అనే ఆస్ట్రేలియా చిత్రకారుడి గురించి తెలిసినవాళ్లున్నారా? (మా వాడి స్కూల్ ప్రాజెక్టు)

సిడ్నీ_అమ్మ

అందరికీ నమస్కారం. మా వాడు ఆరో తరగతి. "ఆస్ట్రేలియాలో పుట్టి, బయటి దేశంలో బతికిన చిత్రకారుల్లో ఒకరిని ఎంచుకుని రెండు పేజీలు రాయండి" అని స్కూల్లో ఇచ్చారు. ప్రాజెక్టు వాడిది, టెన్షన్ నాది. మామూలే.

పోయిన ఆదివారం ఒకటే వాన. ఇంట్లో కూర్చోబెడితే ఫోన్ వదలడని న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లాను. లోపలికి టికెట్ కూడా అక్కర్లేదు కదా. వాడు అన్ని గదులూ రైలుబండిలా దాటేసి ఒక సముద్రం బొమ్మ ముందు మాత్రం ఆగాడు. పేరు 'రఫ్ సీ, మోరెస్టిల్'. పెద్ద బొమ్మేమీ కాదు, చేతులు చాపితే అందేంత. అలలు బండల మీద విరగబడుతున్నాయి, రంగులేమో కళ్లు జిగేల్‌మనేలా ఉన్నాయి. "అమ్మా, ఇది మన బీచ్ కాదు కదా?" అన్నాడు. కాదు, ఫ్రాన్స్‌లోదట. వేసింది జాన్ రస్సెల్. పుట్టింది 1858, పోయింది 1930.

మోనే పేరు విన్నాను, వాన్ గో సరే సరి. ఈ రస్సెల్ పేరు మాత్రం ఇక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటున్నా ఎప్పుడూ వినలేదు. ఇంటికొచ్చి వెతికితే వాన్ గో స్నేహితుడు, మోనే స్నేహితుడు, శిల్పి రోడిన్ స్నేహితుడు అనే చెబుతున్నారు. స్నేహితుల సంగతి సరే, ఈయనేం చేశాడు? ఇంకో తిరకాసు కూడా ఉంది. టీచరమ్మ ఇచ్చిన ప్రశ్నల్లో చివరిది: "బొమ్మలన్నీ వేరే దేశంలో వేస్తే ఆయన్ని ఆస్ట్రేలియా చిత్రకారుడని ఎందుకు అనాలి?" దీనికి మా వాడి జవాబు, "పాస్‌పోర్ట్ ఉంటుంది కాబట్టి". దయచేసి నన్ను గట్టెక్కించండి.

ముప్పై_కుంచెలు

ముందు వాన్ గో సంగతి చెప్తాను, పిల్లలకి అది ఎక్కుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ వాన్ గో మ్యూజియంలో రస్సెల్ వేసిన వాన్ గో బొమ్మ ఉంది, 1886 నాటిది. ఇద్దరూ అప్పుడు పారిస్‌లో ఫెర్నాన్ కార్మోన్ అనే ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్లు. తులూజ్ లోట్రెక్, ఎమిల్ బెర్నార్ కూడా ఆ బడి వాళ్లే.

వాన్ గో అనగానే మన కళ్ల ముందుకొచ్చేది ఆయన తనను తాను వేసుకున్న బొమ్మలు. గడ్డం మంటలా ఉంటుంది, వెనక రంగు సుడులు తిరుగుతూ ఉంటుంది. రస్సెల్ బొమ్మలో అదేం లేదు. కోటు వేసుకున్న ఒక ముప్పై మూడేళ్ల మనిషి, భుజం మీదుగా ఓరగా చూస్తున్నాడు. దాదాపు ఫోటోలా ఉంటుంది. చూపులో కాస్త అనుమానం, కాస్త అలసట. రంగులు ఇప్పుడు బాగా నల్లబడ్డాయి. తల పైన ఒకప్పుడు 'విన్సెంట్, స్నేహంతో' అని రాసి ఉండేదట, ఆ అక్షరాల ఆనవాళ్లు మాత్రమే మిగిలాయి.

ఈ బొమ్మంటే వాన్ గోకి ప్రాణం. మూడేళ్ల తర్వాత తమ్ముడు తెయోకి రాసిన ఉత్తరంలో, రస్సెల్ వేసిన నా బొమ్మని జాగ్రత్తగా చూసుకో అని ప్రత్యేకంగా చెప్పాడు. ఎవరి బొమ్మలు వాళ్లు వేసుకుంటే మనకు కనిపించని మనిషి, పక్కవాడు వేస్తే కనిపిస్తాడు. మీ వాడికి ఈ రెండు రకాల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

పడవటిక్కెట్టు

సిడ్నీ అమ్మగారూ, మీ ప్రశ్న చూసి పాత స్కెచ్ పుస్తకం అటక మీద నుంచి దించాను. నేను ఫ్రాన్స్‌లో నాంత్ ఊళ్లో ఐదేళ్లు ఉద్యోగం చేశాను. చిత్రకారుణ్ణి కాదు, నీటిరంగుల పిచ్చి ఉన్నవాణ్ణి. రస్సెల్ ఇరవై ఏళ్లు బతికిన బెల్ ఈల్ అనే దీవి మాకు పెద్ద దూరం కాదు. మూడుసార్లు వెళ్లాను. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

ఈయన కథ మొదలయ్యేది రంగులతో కాదు, ఇనుముతో. నాన్న స్కాట్లండ్ నుంచి వచ్చిన ఇంజనీరు, సిడ్నీలో ఆ కుటుంబానికి ఇనప పోత ఫ్యాక్టరీ ఉండేది. సిడ్నీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ వాళ్లకి పీఎన్ఆర్ బిల్డింగ్ అని ఉంది కదా, ఆ పీఎన్ఆర్ అంటే పీటర్ నికల్ రస్సెల్, మన చిత్రకారుడి బాబాయి-పెదనాన్నల వరస. ఆ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుకి లక్ష పౌండ్లు ఇచ్చాడాయన. మీ వాణ్ణి ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చూపించండి, గ్యాలరీలో బొమ్మకీ ఆ బిల్డింగుకీ ఒకే ఇంటిపేరు అంటే వాడు మర్చిపోడు.

జాన్‌ని కూడా ఇంజనీరునే చేద్దామనుకున్నారు. ఇంగ్లండులో చదివించి, లింకన్ ఊళ్లో ఒక ఇంజన్ల కంపెనీలో అప్రెంటిస్‌గా పెట్టారు. 1879లో నాన్న పోయారు, ఆస్తి వచ్చింది. 1881 జనవరికల్లా కుర్రాడు లండన్‌లో స్లేడ్ చిత్రకళా పాఠశాలలో ఉన్నాడు. అంటే నాన్న ఉన్నంతకాలం మనసులో ఏముందో మీరే ఊహించుకోండి. అక్కణ్ణించి పారిస్.

1883లో స్పెయిన్‌లో కాలినడకన తిరిగారు. వెంట టామ్ రాబర్ట్స్ ఉన్నాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మీ టీచరమ్మ ప్రశ్నకి దీంతో పని ఉంది. ఇంకొకతను విలియం మలోనీ, వైద్యం చదువుతున్న మెల్‌బోర్న్ కుర్రాడు, తర్వాత అక్కడే పార్లమెంటు సభ్యుడయ్యాడు. రస్సెల్ 1887లో వేసిన ఆయన బొమ్మ మెల్‌బోర్న్ గ్యాలరీలో ఉంది.

ఇక దీవి.

కీబ్రోన్ రేవులో పడవెక్కితే ముప్పావుగంటలో ల పాలె అనే ఊళ్లో దిగుతాం. అటువైపు అంతా బుద్ధిగా ఉంటుంది, రంగురంగుల ఇళ్లు, కోట, నిమ్మళమైన నీళ్లు. దీవికి అవతలి వైపు మాత్రం వేరే లోకం. సైకిలు అద్దెకు తీసుకుని గంటలోపు అడ్డంగా తొక్కుకుంటూ వెళ్లాను. పోర్ కోతోన్ అనే చోటు, నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. కింద సముద్రంలో నల్లటి రాతి సూదులు నిలబడి ఉంటాయి. కోతోన్ అంటే పత్తి. మొదట నాకర్థం కాలేదు. కాసేపటికి గాలి పెరిగింది. రాళ్ల మధ్య సందుల్లో నీళ్లు చిలికి చిలికి నురగ దూదిపింజల్లా పైకి లేచి నా బూట్ల మీద పడింది. అప్పుడర్థమైంది.

నేను ఆ రోజు బొమ్మ వేయలేకపోయాను. కాగితం క్లిప్పులు ఊడి ఎగిరిపోయింది, రెండోది తడిసింది. 1886 శరదృతువులో మోనే ఇక్కడికొచ్చి, పది పదిహేను రోజులు ఉందామనుకున్నవాడు రెండు నెలల పైగా ఉండిపోయాడు. ఈజిల్‌ని, అదే బొమ్మ నిలబెట్టే స్టాండుని, తాళ్లతో కట్టేసుకుని వేసేవాడు. అప్పుడే అక్కడ రస్సెల్ తగిలాడు. ఎండలో బొమ్మ వేస్తున్న గడ్డపాయనని దూరం నుంచి చూసి గుర్తుపట్టి, దగ్గరికెళ్లి, 'ఇంప్రెషనిస్టుల యువరాజు మీరే కదూ' అని అడిగాడట. ఆరుబయట మారిపోయే వెలుగుని బొమ్మకెక్కించే చిత్రకారుల్ని అలా అనేవాళ్లు. మోనేకి అప్పుడు నలభై ఐదు, ఈయనకి ఇరవై ఎనిమిది. పనిలో ఉన్నప్పుడు పక్కన ఇంకొకరుంటే మోనేకి గిట్టదు. అలాంటివాడు ఈ కుర్రాణ్ణి పక్కన ఈజిల్ పెట్టుకోనిచ్చాడు.

ఇక్కడ పొలీ అనే ఒకాయన గురించి చెప్పకుండా ఉండలేను. ఆ ఊరి బెస్త, మోనే సామాను మోసినవాడు. మోనే ఆయన బొమ్మ వేశాడు, అది పారిస్‌లో మార్మొతాన్ మ్యూజియంలో ఉంది. ఎర్రబడ్డ మొహం, చెదిరిన గడ్డం, ఏదో అడిగితే కసురుకునేలా ఉంటాడు. పద్నాలుగేళ్ల తర్వాత రస్సెల్ కూడా అదే ముసలాయన్ని వేశాడు, 'నా స్నేహితుడు పొలీత్' అని పేరు పెట్టి. ఒకరికి సామాను మోసే మనిషి, ఒకరికి స్నేహితుడు. తేడా అంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. మోనే వచ్చి వెళ్లాడు. రస్సెల్ ఆ ఊరివాడయ్యాడు. 1888లో గుల్ఫార్ అనే చోట, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన కయ్య పైన పెద్ద ఇల్లు కట్టాడు. ఊరివాళ్లు దాన్ని 'ఇంగ్లీషాయన కోట' అనేవాళ్లు. ఆస్ట్రేలియా అంటే వాళ్లకేం తెలుసు, ఇంగ్లీషు మాట్లాడితే ఇంగ్లీషాయనే. ఇప్పుడు ఆ కయ్య ఒడ్డున హోటళ్లున్నాయి.

అదే ఏడాది ఫిబ్రవరిలో పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ మరియానా మత్తియొక్కో, ఇటలీ అమ్మాయి, రోడిన్‌కి మోడల్‌గా ఉండేది. పారిస్‌లో ఇంతకంటే అందగత్తె లేదని రోడిన్ అనేవాడట. పెళ్లి సందర్భంగా రోడిన్‌తోనే ఆవిడ తల విగ్రహం చేయించి, దాన్ని వెండిలో పోత పోయించారు. ఇనప పోత ఇంటి పిల్లాడికి వెండి పోత.

మిగతాది రేపు రాస్తాను, మనవరాలు లాప్‌టాప్ లాక్కుంటోంది.

సూటిమాట

పై రెండు జవాబులూ బాగున్నాయి కానీ, సిడ్నీ అమ్మగారు అడిగిన ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ఆయనేం చేశాడు అని కదా అడిగింది! మళ్లీ వాన్ గో, మళ్లీ మోనే, మళ్లీ రోడిన్. పెళ్లికి ఎవరెవరు వచ్చారో చెబితే పెళ్లికొడుకు గురించి చెప్పినట్టా?

నాకు తోచింది చెప్తాను. డబ్బున్న ఇంటి అబ్బాయి. అమ్ముకోవాల్సిన పని లేదు, ఎవరినీ మెప్పించాల్సిన పని లేదు. దీవిలో కోట కట్టుకుని, మోనే వేసిన బండల్నే మోనే లాగే వేశాడు. వాన్ గో దక్షిణ ఫ్రాన్స్‌లోని అర్ల్ ఊరి నుంచి 1888 వేసవిలో తన చిత్రాల్ని చూసి మళ్లీ కలంతో గీసి పన్నెండు బొమ్మలు పంపించాడు, ఈయన మనసు కరిగి, తన స్నేహితుడైన గోగాన్ అనే చిత్రకారుడి బొమ్మ ఒకటి కొంటాడేమోనని. కొనలేదు. గోగాన్ అప్పుడు పూట గడవని స్థితిలో ఉన్నాడు. స్నేహితుడు అనే మాట బరువు నాకు తెలియకపోలేదు, అందుకే అడుగుతున్నాను.

వాన్‌గార్డు_రంగమ్మ

సూటిమాట గారు ఎప్పటిలాగే నిప్పు రాజేశారు. నేను పక్కనుంచి ఒక మాట. రస్సెల్ కుదరకపోతే స్టెల్లా బోవెన్‌ని చూడండి. అడిలైడ్‌లో 1893లో పుట్టి, ఇరవై ఏళ్లు నిండగానే ఇంగ్లండ్ వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా ప్రభుత్వం అక్కడే యుద్ధ చిత్రకారిణిగా పెట్టుకుంది. లాంకాస్టర్ అనే ఒక బాంబర్ విమానంలోని ఏడుగురు సైనికుల బొమ్మ వేయడానికి స్కెచ్‌లు గీసుకుంది. వాళ్లు దాడికి వెళ్లి తిరిగి రాలేదు. మిగతా బొమ్మంతా ఫోటోలు చూస్తూ పూర్తి చేసింది. తర్వాత తెలిసింది, వాళ్లలో ఒకతను బతికి శత్రువులకి బందీగా ఉన్నాడని. 'బాంబర్ క్రూ', 1944, కాన్‌బెర్రా యుద్ధ స్మారకంలో ఉంది. ఏడు మొహాలూ మన ఎదురుగానే ఉంటాయి. నేనైతే ఐదు నిమిషాలు నిలబడలేకపోయాను.

పడవటిక్కెట్టు

సూటిమాట గారూ, మీరు పెట్టిన వాత బాగానే తగిలింది. నేను నిన్న రాసింది మళ్లీ చదువుకుంటే నిజంగానే పెళ్లి అతిథుల జాబితాలా ఉంది. సరే, పెళ్లికొడుకు దగ్గరికి వద్దాం.

డబ్బు సంగతి మీరన్నది నిజం. గోగాన్ బొమ్మ కొనకపోవడమూ నిజం. నేను వెనకేసుకురాను. కాకపోతే ఆ డబ్బే ఆయన్ని ముంచింది కూడా. అమ్మాల్సిన అవసరం లేదు కాబట్టి ప్రదర్శనలకి పెద్దగా పెట్టలేదు. ప్రదర్శనలో లేకపోతే పత్రికల్లో ఉండరు, పత్రికల్లో లేకపోతే చరిత్ర పుస్తకంలో ఉండరు. సిడ్నీ అమ్మగారు తొమ్మిదేళ్లుగా పేరు వినకపోవడానికి కారణం అదే.

'మోనే లాగే వేశాడు' అన్నదానికి మాత్రం ఒప్పుకోను. మోనే ఆ బండల దగ్గర ఉన్నది పది వారాలు. ఈయన ఉన్నది ఇరవై ఏళ్లు. ఆయనకి పడవలంటే కూడా పిచ్చి, ఆ నీళ్ల మీదే తిరిగేవాడు. ఒడ్డున నిలబడి చూసే సముద్రం వేరు, పడవలో కూర్చున్నవాడికి తెలిసే సముద్రం వేరు. మొదట్లో, 1890 ప్రాంతంలో వేసిన సూది బండల బొమ్మల్లో మోనే కనిపిస్తాడు, కాదనను. 1900కి వచ్చేసరికి, మీ వాడు చూసిన 'రఫ్ సీ' నాటికి, మోనే మాయమయ్యాడు. అల అంచు చూడండి. అక్కడ వెలుగు పడి నీళ్లు మెరుస్తున్నట్టు చూపించడం ఆయన ఉద్దేశం కాదు. నీలం పక్కన ఆకుపచ్చ, దాని పక్కన ఊదా, నురగలో గులాబీ, ఒక్కో రంగూ విడిగా, గట్టిగా, కలపకుండా. రంగే అల బరువు మోస్తోంది.

రంగు గురించి ఈయనకి ఒక రకమైన ఇంజనీరు బుద్ధి ఉండేది. రంగులు తానే నూరుకునేవాడు, ఏది నిలుస్తుంది, ఏది వెలిసిపోతుంది అని లెక్కలు చూసుకునేవాడు. నేను కొట్టు నుంచి ట్యూబులు కొనుక్కునే బాపతు. ఒకసారి సరదాపడి పొడి రంగు, నూనె తెచ్చుకుని గాజు పలక మీద నూరాను. గంటన్నరకి భుజం పడిపోయింది, వచ్చింది చెంచాడు నీలం. అదీ గరుకుగా. అప్పటి నుంచి ఆయన బొమ్మలో నీలం చూస్తే ముందు నా భుజం గుర్తొస్తుంది.

ఇంక ఆయన చేసిన పని ఒకటి చెప్తాను, దీన్ని మీ వాడి రెండు పేజీల్లో మధ్యలో పెట్టండి. 1896లో బెల్ ఈల్‌కి ఒక కుర్ర చిత్రకారుడు వచ్చాడు. అప్పటికి మట్టిరంగులు, బూడిదరంగులు, మసక గదులు వేస్తున్నాడు. ఈ దీవిలో రస్సెల్ వేస్తున్న రంగులు చూసి తట్టుకోలేక పది రోజులకే వెళ్లిపోయాడని చెబుతారు. మరుసటి ఏడాది మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చుని నేర్చుకున్నాడు. రస్సెల్ అతనికి రంగుల సూత్రం విప్పి చెప్పి, తన దగ్గరున్న వాన్ గో గీసిన బొమ్మ ఒకటి ఇచ్చేశాడు. వాన్ గో ఎవరో అప్పటికి లోకానికి సరిగా తెలీదు. ఆ కుర్రాడు, తర్వాత లోకమంతా పేరు తెచ్చుకున్న హెన్రీ మతీస్. తర్వాతి కాలంలో ఆయనే చెప్పాడు, రస్సెల్ నా గురువు, రంగు గురించి నాకు వివరించింది ఆయనే అని. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ మతీస్ రంగులు చూసి పారిస్ విమర్శకులు 'అడవి మృగాలు' అని పేరు పెట్టారు.

గోగాన్ బొమ్మ కొననివాడూ ఇతనే, వాన్ గో బొమ్మ ఊరికే ఇచ్చేసినవాడూ ఇతనే. సూటిమాట గారు ఏది ఏ ఖాతాలో వేస్తారో ఆయనిష్టం.

చివరికి ఏమైంది? 1908లో మరియానా క్యాన్సర్‌తో పోయింది. అంతకు ముందు ఏడాదే ఆవిడ గుల్ఫార్ తోటలో పూల మధ్య ఉన్న బొమ్మ ఒకటి వేశాడు. పూలెక్కడో ఆవిడెక్కడో వెతుక్కోవాలి, అంతగా కలిసిపోయి ఉంటుంది. ఆవిణ్ణి ఇంటి పక్కనే పూడ్చాడు. తర్వాత తన బొమ్మలు నాశనం చేశాడు. నాలుగు వందల దాకా అంటారు. నేను మూడోసారి వెళ్లినప్పుడు అక్కడ గట్టు మీద కూర్చుని ఆ అంకెని ఊహించుకుందామని చూశాను. నా జీవితంలో వేసినవన్నీ కలిపితే రెండు వందలుండవు.

ఇల్లు వదిలేశాడు. ఆ తర్వాత ఎక్కువగా నీటిరంగులే. 1912లో మళ్లీ పెళ్లి, ఒక అమెరికన్ గాయనితో, కూతురి స్నేహితురాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐదుగురు కొడుకులూ సైన్యంలో. 1921లో సిడ్నీ. కొన్నాళ్లు న్యూజిలాండ్‌లో కొడుకు తోట పనిలో సాయం. మళ్లీ సిడ్నీ, వాట్సన్స్ బే దగ్గర బెస్తవాళ్లుండే చిన్న ఇల్లు. మోనే, రోడిన్, మతీస్‌లతో తిరిగిన మనిషి అక్కడ పడవలు చూసుకుంటూ బతికితే పక్కింటివాళ్లకి కూడా తెలిసి ఉండదు. 1930 ఏప్రిల్ 22న, బరువైన రాళ్లు ఎత్తాక గుండెపోటు. డెబ్బై ఒకటో ఏట కూడా రాళ్లెత్తుతున్నాడంటే చూడండి.

ఆయన పెద్ద ప్రదర్శన మీ గ్యాలరీలోనే 2018లో జరిగింది, నూట ఇరవై దాకా పెట్టారు. నేను వెళ్లలేకపోయాను. ఇప్పటికీ బాధే.

సిడ్నీ_అమ్మ

అయ్యో, ఇంత రాశారు! మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీడం లేదు బాబాయిగారూ (మనవరాలు ఉందన్నారు కాబట్టి అలా పిలుస్తున్నాను). మా వాడికి రంగు నూరిన కథే నచ్చింది. "నేనూ నూరతా" అంటున్నాడు, మిక్సీ దాచేశాను.

టీచరమ్మ చివరి ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది. టామ్ రాబర్ట్స్ పేరు గుర్తుపెట్టుకోమన్నారు, ఎందుకో చెప్పలేదు.

పడవటిక్కెట్టు

అవును కదా, వయసు. టామ్ రాబర్ట్స్ 1885లో ఆస్ట్రేలియాకి తిరిగొచ్చాడు. మెల్‌బోర్న్ పొలిమేరల్లో డేరాలు వేసుకుని ఆరుబయట బొమ్మలు వేసిన ముఠాకి పెద్ద తలకాయ ఆయనే. ఆస్ట్రేలియా ఎండని ఆస్ట్రేలియా ఎండలా వేసిన మొదటివాళ్లుగా అక్కడ వాళ్ల గురించి పాఠాల్లో చెబుతారు. ఆ రాబర్ట్స్‌కి రస్సెల్ పారిస్ నుంచి, దీవి నుంచి ఉత్తరాలు రాసేవాడు. ఇక్కడ మోనే ఇలా వేస్తున్నాడు, రంగుని కలపకుండా ఇలా పెడుతున్నాడు అని. బొమ్మల అసలు రంగులు అచ్చులో సరిగా చూడలేని రోజులవి. మెల్‌బోర్న్‌లో కూర్చున్నవాడికి మోనే రంగు ఎలా ఉంటుందో తెలియాలంటే, కళ్లారా చూసినవాడు ఉత్తరం రాయాల్సిందే.

వెళ్లినవాడూ తిరిగొచ్చినవాడూ ఒకే సంభాషణలో ఉన్నారన్నమాట. టీచరమ్మకి ఇది సరిపోవాలి. పాస్‌పోర్ట్ జవాబు కూడా పూర్తిగా తప్పేం కాదని నా అభిప్రాయం, ఐదుకి ఒక మార్కు ఇవ్వచ్చు.

ఇంకొక పని చెప్తాను. మళ్లీ గ్యాలరీకి వెళ్లినప్పుడు ఆ బొమ్మలో నలుపు ఎక్కడుందో వెతకమనండి.

సూటిమాట

మతీస్ సంగతి నాకు తెలీదు. ఒప్పుకుంటున్నాను. గోగాన్ విషయంలో మాత్రం తగ్గేది లేదు.

సిడ్నీ_అమ్మ

శనివారం వెళ్లొచ్చాం. నలుపు కోసం వాడు మరీ దగ్గరికి వెళ్తే, అక్కడ కాపలా ఉన్న ఆవిడ వచ్చి ఒక అడుగు వెనక్కి జరగమంది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని, మెడ మాత్రం కొంగలా ముందుకు చాపి పది నిమిషాలు చూశాడు. బండ నల్లగా ఉందనుకున్నది ఊదా అట. దాని కింద నీలం, ఒక మూల ముదురు ఆకుపచ్చ. నలుపు ఇంకా దొరకలేదు. ఆవిడకి కూడా ఆసక్తి పుట్టి వచ్చి పక్కన నిలబడి వెతికింది.

అక్కణ్ణించి సర్క్యులర్ కీలో ఫెర్రీ ఎక్కి వాట్సన్స్ బే వెళ్లాం. ఆయన ఇల్లు ఎక్కడుండేదో తెలీదు, వెతకలేదు కూడా. రేవు పక్కన మెట్ల మీద కూర్చున్నాం. నీళ్లు మామూలు రంగులోనే ఉన్నాయనుకున్నాను. మా వాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏడు దాకా వచ్చాక వాడికీ నాకూ ఎనిమిదోదాని మీద గొడవైంది. నేను బూడిద అన్నాను, వాడు గులాబీ అన్నాడు.